లిడియా నడక మొదలుపెట్టారు

మదనపల్లె,
4 ఆగస్టు 2025

కెజియాకు,

వందనాలు.

పుంగనూరులో, సమాధిలో మట్టి వేసిన తర్వాత, నువ్వు నా దగ్గరికి వచ్చి "ఆ దినం ఏం జరిగిందో వరసగా చెప్పండి బావా" అని అడిగావు. నాకు మాట రాలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయావు. తర్వాత ఫోన్ చేశాను, నువ్వు తీయలేదు. తీసినా చెప్పగలిగేవాణ్ని కాదు. అందుకని రాస్తున్నాను. నీకు ఒక్కతే అక్క. నీకు తెలియాలి.

ముందురోజు సాయంత్రం లిడియా కడుపు ఉబ్బరంగా ఉందంది. ఆస్పత్రికి పోదామా అన్నాను. "గ్యాస్ పట్టిన దానికి ఆస్పత్రికి పోతారా ఎవురైనా? నవ్వుతారు" అంది. జీలకర్ర నీళ్లు కాచుకుని తాగింది. పడుకుంది.

పొద్దున నాకంటే ముందే లేచింది. ప్రార్థన చేసుకుంది. నాకు కాఫీ ఇచ్చింది. నేను నడకకు బయలుదేరుతుంటే గేటు దాకా వచ్చి "వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి, వాడింది తేవద్దు" అంది. ముఖం కొంచెం పాలిపోయినట్టు అనిపించింది. తుంపర పడుతోంది, వెలుతురు లేదు, అందువల్ల అనుకున్నాను.

కాలేజీ గ్రౌండు చుట్టి వచ్చాను. టమాటా లారీలు దావకు అడ్డంగా ఉన్నాయి, కాస్త ఆలస్యమైంది. కొత్తిమీర తీసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. అడుగంటిన వాసన వస్తోంది. లిడియా వంటింటి గడప మీద కూర్చుని తలుపుకు ఆనుకుని ఉంది. చీర చెమటకు తడిసిపోయింది. చేతిలో నా ఫోను ఉంది. ఎవరికీ చేయలేదు. పేరు పెట్టి పిలిచాను. కళ్లు తెరిచి, "స్టవ్ ఆపండి" అంది.

ఆపాను. అంతే. మళ్లీ మాట్లాడలేదు.

మేడ మీద అద్దెకుండే శ్వేత పరుగెత్తి ఆటో తెచ్చింది. ఆటోలో లిడియా తల నా భుజం మీద ఉంది. మలుపుల్లో తల జారకుండా చెయ్యి అడ్డం పెట్టాను. ఆస్పత్రిలో చేయగలిగింది చేశారు. గుండె అన్నారు. చక్కెర ఉన్నవాళ్లకు నొప్పి తెలియకుండానే రావచ్చని, కడుపు ఉబ్బరంలాగే ఉంటుందని, ఆ తర్వాత చెప్పారు.

నువ్వు వచ్చేసరికి తెల్లగుడ్డ కప్పి ఉంచారు. మిగతాది నువ్వు చూశావు.

కొత్తిమీర సంచిలోనే ఉండిపోయింది. నిన్న పారేశాను.

జయరత్నం


కుప్పం,
9 ఆగస్టు 2025

బావకు వందనాలు.

మీ ఉత్తరం అందింది. మా కాలేజీ ఆఫీసులో అందరి ముందు చింపి చదివినాను. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో చెప్తాను.

మీరు రాసిందాంట్లో ఒకటి నిజం కాదు. ఆ పొద్దున అక్క ఇంట్లో లేదు. నడకకు పోయింది. నాకు తెలుసు.

ఎట్లా తెలుసంటారా? రెండేళ్ల కిందట మా ప్రదీప్, అక్క ఫోన్లో ఒకటి, నా ఫోన్లో ఒకటి యాప్ వేసిచ్చినాడు. తినింది అందులో కొడితే మంచో చెడ్డో చెప్తుంది. ఫోను ఒంటిమీద ఉంటే చాలు, నడక అదే చూసుకుంటుంది. ఇద్దరి ఫోన్లూ జత చేసినాడు, ఆమెది నాకు, నాది ఆమెకు కనపడేటట్టు. అమ్మ గుండెతోనే పోయింది, మాకు ఇద్దరికీ చక్కెర ఉండాది. "అమ్మా, పెద్దమ్మను నువ్వు సూసుకో, నిన్ను పెద్దమ్మ సూసుకుంటాది, నేను బెంగుళూరులో నెమ్మదిగా పని చేసుకుంటా" అని చెప్పి పోయినాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున నేను స్టవ్ మీద పాలు పెట్టేసరికి నా ఫోను మోగుతుంది. "లిడియా నడక మొదలుపెట్టారు" అని వస్తుంది. అది రాగానే నేను చెప్పులు వేసుకుంటాను. అక్క మదనపల్లెలో, నేను కుప్పంలో. ఇద్దరం కలిసి నడిచినట్టే. మోకాళ్లు నొప్పి అని నేను ఎగ్గొట్టిన దినాలు ఉండాయి గానీ అక్క ఎగ్గొట్టలేదు. వానలో కూడా నడిచింది. ఇంక తిండి. హాస్టల్ వంటశాలలో అన్నేళ్లు ఉప్మా గంగాళాలు కలబెట్టి కలబెట్టి, ఉప్మా అంటేనే ముఖం తిప్పుకునే మనిషి, రోజూ ఉప్మా తినింది. నేను రాత్రి ఫోన్ చేసి "అక్కా, ఈ పొద్దు కూడా నీకు పచ్చ గుర్తు వచ్చింది, భలేదానివే నువ్వు, నోరు బాగా కట్టినావు" అంటే నవ్వేది. ఆ నవ్వు కోసమే చేసేదాన్ని.

ఆ దినం కూడా నా ఫోను మోగింది బావా. రోజూ నడిచినంత నడిచింది. నేను పాల గిన్నె దించి, ఆమెతోపాటు బయలుదేరినాను కూడా. మీరేమో గేటు దగ్గర నిలబడి కొత్తిమీర తెమ్మనిందని రాస్తారు. ముందురోజు నుంచి బాగలేదని మీరే రాసినారు. అట్లాంటి మనిషిని వానలో నడకకు ఎవరు పంపినారు? వచ్చినాక పొయ్యి దగ్గర ఎవరు నిలబెట్టినారు? మీ ఫోను ఆమె చేతిలో ఎందుకుండాది?

సమాధి దగ్గర మీకు మాట రాకపోతే దుఃఖం అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోలేకపోతున్నాను.

కెజియా


మదనపల్లె,
14 ఆగస్టు 2025

కెజియాకు,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

లిడియా ఫోనులో ఏముందో నేనెప్పుడూ చూడలేదు. నువ్వు అక్కడినుంచి ఆమెను చూస్తున్నావని నాకు తెలియదు. ఇప్పుడే తెలిసింది.

ఆ పొద్దున లిడియా నడవలేదు. నేను రాసింది నిజం. నీ ఫోనుకు వచ్చింది పొరపాటు అయి ఉంటుంది. అంతకంటే రాయలేను. నన్ను అడగవద్దు.

పుంగనూరులో రాయి చెక్కే సిద్దప్ప వచ్చి వెళ్లాడు. మీ అమ్మ రాయి పక్కనే, అదే ఎత్తులో పెడతానన్నాడు. ఏ వాక్యం చెక్కాలో అడిగాడు. నువ్వు చెప్పు. నేను చెప్పలేను.

సంకటి నేనే చేసుకుంటున్నాను. ఉండలు కడుతోంది. పట్టు పరిశ్రమ శాఖలో ఊరూరా తిరిగి, పురుగులకు ఎప్పుడు ఎంత ఆకు వేయాలో రైతులకు చెప్పాను. పిండి ఎప్పుడు పోయాలో నేర్చుకోలేదు.

నీ మాత్రలు వేసుకుంటున్నావా? రాయి.

జయరత్నం


కుప్పం,
24 ఆగస్టు 2025

బావకు,

వాక్యం సంగతి తర్వాత.

నిన్న శనివారం పొద్దున పాలు పెట్టి నిలబడి ఉన్నాను. ఫోను మోగింది. చూస్తే "లిడియా నడక మొదలుపెట్టారు." పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాస్ వాసన ముక్కుకు తగిలేదాకా నాకు తెలివి రాలేదు. పుంగనూరులో మట్టి కింద ఉండే మనిషి యాడికి నడుస్తాది బావా?

నాలుగు దినాల కిందట పుంగనూరు కుసుమ ఫోన్ చేసింది. సామాన్లకు మదనపల్లె వచ్చిందంట. "ఏమక్కా, మీ లిడియక్క ఫోను మేడ మీద పిల్ల చేతిలో ఉండాదే! కొట్టు దగ్గర నా కండ్లతో సూసినా. మీ బావకు భలే తొందరప్పా" అనింది. "నీ నోట్లో మన్ను పడా, మా బావ అట్లాంటోడు కాదు" అని తిట్టి పెట్టేసినాను. నిన్న ఫోను మోగినాక, కుసుమను ఉత్తపుణ్యానికి తిట్టినానే అని సిగ్గుపడినాను.

ఫోను ఇయ్యల్లనుకుంటే నాకు ఇయ్యకూడదా? నాకు అక్క నగలు వద్దు, చీరలు వద్దు. ఆ ఫోను ఒకటి అడిగుంటే ఇచ్చేవాళ్లు కాదా? ఎవురో దాన్ని నడుముకు చెక్కుకుని తిరుగుతాంటే, అక్క పేరు వచ్చి నా ఇంట్లో మోగల్లనా?

అక్క నడవలేదంటారు, నన్ను అడగొద్దంటారు, పొరపాటంటారు. పొరపాటు ఎవరిదో మాత్రం చెప్పరు.

మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగినారు. వేసుకోవడం లేదు. నడకా మానేసినాను. అక్క అన్నీ చేసింది. రోజూ నడిచింది. గిట్టని ఉప్మా తినింది. ఒక్క దినం పచ్చ గుర్తు తప్పలేదు. అన్నీ సరిగ్గా చేసిన మనిషే గడప మీద కూర్చుని పోతే, ఇంక నేను యాల మింగల్ల? ఎవురి కోసరం నడవల్ల? మా అమ్మ దావ, మా అక్క దావ, నాదీ అదే దావ. ప్రదీప్‌తో కూడా ఇదే చెప్పినాను. వాడు అరిచినాడు. అరవనీ.

కెజియా


మదనపల్లె,
29 ఆగస్టు 2025

కెజియాకు,

వందనాలు.

నువ్వు మాత్రలు మానేశానని రాయకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. కూర్చుని చదువు.

నువ్వు రెండేళ్లు చూసింది లిడియా నడక కాదు. నాది.

నాకు ఉన్నది మీట నొక్కే పాత ఫోను. లిడియా దాన్ని డబ్బా అనేది. ఒకరోజు నడకలో ఉండగా ఆమె చాలాసార్లు చేసింది, నాకు వినపడలేదు. ఇంటికి రాగానే తన ఫోను నా చొక్కా జేబులో పెట్టింది. "ఇది గట్టిగా మోగుతాది. రేపటినుంచి ఇది తీసుకపోండి. మీ డబ్బా ఈడ పెట్టండి, ఏమన్నా ఉంటే నేను దాంట్లోంచి చేస్తా" అంది. నాకు సబబుగా తోచింది. ఆ రోజు నుంచి పొద్దున ఆమె ఫోను నా జేబులో, నా ఫోను వంటింటి గూట్లో. పోయిన రోజు ఆమె చేతిలో నా ఫోను ఉన్నది అందుకే. నన్ను పిలవడానికి తీసింది. పిలవలేదు. ఎందుకో నాకు తెలియదు. కొత్తిమీర కోసం నిలబడి ఉంటానని ఆగిందేమో.

ఆ పొద్దున నీ ఫోనులో నడిచింది నేను. వానలో నడిచిందీ నేనే. నాకు గొడుగు ఉండేది.

తిండి కూడా నాదే. నేను భోంచేసి లేవగానే ఫోను పట్టుకుని వచ్చేది. "ఏం మేత మేసినారు ఈ పూట? జ్వరానికి పోలేదు కదా?" అని అడిగేది. పట్టుపురుగులు పొర విడిచే ముందు మేత మానేస్తాయి, దాన్ని మా శాఖలో జ్వరానికి పోవడం అంటాము. ఆ మాట నా దగ్గరే నేర్చుకుని నామీదే వాడేది. "నేను చూసేది లక్ష పురుగులను" అంటే, "నాకు ఒకటే పురుగు, అదీ మాట వినదు" అనేది. నేను చెప్తే ఫోనులో కొట్టేది. వేళాకోళం అనుకున్నాను. దానివల్ల నీకు అక్కడ పచ్చ గుర్తు వస్తుందని నాకు తెలియదు.

ఉప్మా సంగతి కూడా రాస్తాను. నేను పొద్దున తినేది సంకటి, ఊరిబిండి పచ్చడి. లిడియా ఎన్ని రకాలుగా కొట్టినా ఆ యాప్‌కు సంకటి దొరకలేదు. "దీనికి సంకటి అంటే తెలీదంట. ఏ ఊరిదో పాపం. ఉప్మా అని కొడతాండా, దానికీ తృప్తి, మనకూ తృప్తి" అంది. మీ అక్క ఉప్మా తినలేదు. చివరిదాకా దాని ముఖం చూడలేదు.

ఆమె ఏం తిన్నదో నీకు ఎవరూ చెప్పలేదు. నేనూ పూర్తిగా చెప్పలేను. హాస్టల్ అలవాటు పోలేదు. అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలిన అన్నం నిలబడి తినేది. కాఫీలో చక్కెర నా ముందు వేసుకునేది కాదు. గ్లాసు అడుగున కనపడేది. అడిగితే "నాకేంది, వంటింట్లో తిరిగేదే నాకు నడక" అనేది. మాత్రలు ఒకరోజు వేసుకుంటే ఒకరోజు మరిచేది. కాబట్టి అన్నీ సరిగ్గా చేసి లిడియా పోలేదు. నువ్వు రాసిన లెక్క తప్పు. సరిగ్గా జరిగింది నాకు. నేను మాత్రలు తప్పలేదు, నా చక్కెర అదుపులో ఉంది. పోయిన నెల డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. లిడియా పక్కనే కూర్చుని విన్నది.

పోయిన మనిషి, చెల్లెలికి ఒకటి చూపించి ఇంకొకటి చేసిందని నా చేత్తో రాయలేకపోయాను. అందుకే పొరపాటు అన్నాను. ఒకసారి మాత్రం, నీతో ఫోన్ మాట్లాడి పెట్టేసి, తనలో తాను నవ్వుకుంటూ "కెజియా మురిసిపోతాండాది. మురవనీ. నడుస్తాండాది కదా" అంది. దేనిగురించి అని నేను అడగలేదు.

శ్వేతకు నేను ఫోను ఇవ్వలేదు. చార్జింగ్ పెట్టే చోట వదులైంది. ఆరిపోతే అందులో లిడియా ఫోటోలు పోతాయేమోనని, కొట్టులో చూపించి తెమ్మని పంపాను. శ్వేత భర్త ముద్దుకృష్ణ బస్సు కండక్టరు. ఇద్దరూ నాకు సాయంగా ఉంటున్నారు. కుసుమ విషయంలో నువ్వు సిగ్గుపడక్కర్లేదు. తిట్టింది తిట్టినట్టే ఉంచు.

శనివారం నడిచింది కూడా నేనే. ఆ రోజు తర్వాత మొదటిసారి నడకకు వెళ్లాను. చొక్కా వేసుకున్నాను, ఆమె ఫోను జేబులో పెట్టుకున్నాను. అలవాటు. నా ఫోను వంటింటి గూట్లో పెట్టాను. ఎవరు చేస్తారని పెట్టానో తెలియదు. వీధి దాటాక తెలిసింది. వెనక్కి రాలేదు, నడిచాను.

నీ ఇంట్లో పాలు పొంగించినందుకు క్షమించు.

మాత్రలు వేసుకో.

జయరత్నం


కుప్పం,
6 సెప్టెంబరు 2025

బావకు వందనాలు.

మీ ఉత్తరం వచ్చి అయిదు దినాలైంది. మీమీద నోరు పారేసుకున్నాను. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.

మొదట అక్కమీద కోపం వచ్చింది. గోడమీద ఫోటోను చూసి "ఎంత పని చేసినావే!" అని అరిచినాను. పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడిగినారు. రెండేళ్లు నేను మా అక్కకు కావలి కాస్తాండాను అనుకున్నాను బావా. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. "మా అక్క మదనపల్లెలో ఉన్నా నా కంటి ముందరే ఉన్నట్టు" అని. నా కంటి ముందర ఉండింది మీరు! అక్క నోరు కట్టిందని మెచ్చుకున్నదంతా మీ సంకటికి! రాస్తాంటే నాకే నవ్వు వస్తాండాది, ఏడుపు వస్తాండాది.

తర్వాత ఆలోచించినాను. అక్క నడవకపోతే నేను నడిచేదాన్నా? నడిచేదాన్ని కాదు. చిన్నప్పుడు పుంగనూరులో బడికి కూడా అక్క బయలుదేరితేనే నేను బయలుదేరేది. అది ఆమెకు తెలుసు. ఆ ఫోను మీ జేబులో పెట్టి, ఆడ మిమ్మల్ని, ఈడ నన్ను, ఇద్దర్నీ నడిపించింది. నడిపించి తను వంటింట్లో కూర్చునింది. ఇంత తెలివి తనకోసరం రవ్వంత వాడుకోకూడదా?

"మురవనీ" అనిందని రాసినారు. ఆ ఒక్క మాట రాయకుండా ఉండాల్సింది బావా. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయినాను.

ఫోన్లో నుంచి పెద్దమ్మ పేరు తీసెయ్యమంటావా అని ప్రదీప్ అడిగినాడు. తాకొద్దన్నాను. ఇప్పుడు పొద్దున పొద్దున పాలు పెట్టి ఫోను ముందర నిలబడతాను. మీరు ఆ శనివారం తర్వాత నడిచినట్టు లేదు. మోగలేదు. మోగితే భయం, మోగకపోతే ఒకరకం.

మాత్రలు ముందర పెట్టుకున్నాను. దొంగతనంగా వదిలేసిన మనిషి పోయింది, సరిగ్గా మింగిన మీరు ఉండారు, కాబట్టి నేను మింగల్ల. మీరు చెప్పింది అదే కదా. బుద్ధికి తెలుస్తాండాది. చెయ్యి పోవడం లేదు. అక్క లేకుండా మింగితే, ఆమెను ఆడే వదిలేసి నేను ముందుకు పోయినట్టు ఉండాది.

నిన్న ఆఫీసు మెట్లు ఎక్కుతాంటే కండ్లు తిరిగినాయి. చెమట పట్టింది. కూర్చుంటే సర్దుకునింది. గ్యాసే. ప్రదీప్‌కు చెప్పలేదు. మీరూ చెప్పొద్దు. దీనికి సెలవు పెట్టి బెంగుళూరు నుంచి వస్తే నవ్వుతారు.

రాయి మీద వాక్యం ఏదీ వద్దు. పేరు చాలు.

సంకటికి నీళ్లు బాగా కాగినాక పిండి పోయండి. పోసినాక కదపొద్దు. మూత పెట్టి కాసేపు ఊరికే ఉండండి. తర్వాత గెలకండి. మీరు ముందే గెలుకుతాండారు, అందుకే ఉండలు.

కెజియా


మదనపల్లె,
9 సెప్టెంబరు 2025

కెజియాకు,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ఫోన్లో చెప్తే వినకుండా పెట్టేస్తావు. ముద్దుకృష్ణకు ఈ మధ్యాహ్నం కుప్పం బస్సు. సాయంత్రం నీ ఇంటికి వచ్చి చేతికి ఇస్తాడు. అతనికి కాఫీ ఇవ్వు.

నీ ఉత్తరం ఈ పొద్దున చదివాను. చెమట, కళ్లు తిరగడం, గ్యాస్, నవ్వుతారు. ఈ మాటలు ఈ వరసలో నేను ఒకసారి విన్నాను. లిడియా అంటే ఊరుకున్నాను. నువ్వు అంటే ఊరుకోను. ప్రదీప్‌కు నేను చెప్పను. నీచేతనే చెప్పిస్తాను.

ఈ రాత్రి ఒంటరిగా పడుకోకు. పక్కింటివాళ్లను తోడు పిలుచుకో. మళ్లీ చెమట పడితే రేపటిదాకా ఆగకు, వాళ్లతో ఆస్పత్రికి పో. నవ్వేవాళ్లను నవ్వనీ.

నీళ్లు కాగాక పిండి పోశాను. కదపలేదు. ఉండలు కట్టలేదు.

మాత్ర మింగితే అక్కను వదిలేసి పోయినట్టు ఉంటుందన్నావు. నాకూ నడిస్తే అలాగే ఉంది. ఆ శనివారం తర్వాత అందుకే నడవలేదు. కానీ లిడియా ఈ రెండేళ్లు చేసిన పని ఒకటే, మనిద్దరినీ నడిపించడం. నువ్వూ నేనూ నడక మానేస్తే ఆమె చేసింది ఏమీ ఉండదు.

రేపు పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతాను. పుంగనూరు మీదుగానే వస్తుంది. అక్కడ దిగను. తిరిగి వచ్చేటప్పుడు నువ్వూ నాతో ఉంటావు, ఇద్దరం దిగి ఆమె దగ్గరికి పోదాం. ముందు కుప్పంలో నిన్ను డాక్టరుకు చూపించాలి. సెలవు చీటీ ముద్దుకృష్ణ చేతికి ఇస్తే రేపు ఆఫీసులో ఇచ్చి వస్తాడు.

లిడియా ఫోను చొక్కా జేబులో పెట్టుకుంటాను. బస్టాండులో దిగి ఆటో ఎక్కను. మీ ఇంటిదాకా నడుస్తాను. నీ ఫోను మోగుతుంది. ఆమె పేరు వస్తుంది. భయపడకు, స్టవ్ ఆపు. మాత్ర మింగి, చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడు.

జయరత్నం